కోడిపిల్లకు పేలు, ఎగశ్వాస: మందు పట్టేముందు గూటి అడుగు చూడండి

సమస్య ఎప్పుడూ ఒకేలా వస్తుంది. ఆరు నుంచి పది వారాల పిల్ల. ఈకలు విడదీస్తే పేలు పరుగెడుతుంటాయి. నోరు తెరిచి ఊపిరి తీస్తోంది, మధ్యమధ్య తుమ్ముతోంది, కళ్లు సగం మూసుకుని మూల కూర్చుంటోంది. చెన్నైలో మేడ మీదా పెరట్లోనూ నాలుగు కోళ్లు పెంచేవాళ్లకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే వానలున్నన్నాళ్లూ, ఈ జంట ఫిర్యాదు తప్పదు. వెంటనే చేసే పని కూడా ఒకటే: పేల పొడి తెచ్చి గుప్పెడు చల్లడం. ఆ పొడి కాస్తా ఊపిరి అందని పిల్ల ముక్కులోకి పోతుంది.

పేలు లోపలికి పోయి ఊపిరి ఆడనివ్వడం లేదని చాలామంది అనుకుంటారు. కోడిపేలు ఊపిరితిత్తుల్లోకి పోవు. ఒంటి మీదే పుట్టి, ఈకల పొట్టు, చర్మపు పొలుసులు తిని, ఒంటి మీదే చస్తాయి. ఆరోగ్యంగా ఉన్న పిల్ల రోజంతా ముక్కుతో ఈకలు దువ్వుకుంటూ వాటిని అదుపులో పెట్టుకుంటుంది. నలతగా ఉన్న పిల్ల దువ్వుకోవడం మానేస్తుంది, దాంతో పేలు గుంపులు కడతాయి. మరీ ఎక్కువైతే పిల్లను ఇంకా నీరసపరుస్తాయి, నిజమే. కానీ చాలాసార్లు ముందు వచ్చింది పేలు కాదు, జబ్బు. కాబట్టి ముందు ఊపిరి సంగతి చూడండి, పేల సంగతి తర్వాత.

ఎండకు రొప్పడమా, జబ్బా?

ఈ ఊరి ఉక్కలో మధ్యాహ్నం కోడి నోరు తెరవడం వింతేమీ కాదు. రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, చప్పుడు లేకుండా గబగబా రొప్పుతుంటే అది వేడి దించుకుంటోంది. రాత్రి పదింటికోసారి, తెల్లవారుజామున ఐదింటికోసారి, పిల్ల కునుకులో ఉండగా దగ్గరికి వెళ్లి వినండి. నోరు మూసుకుని నిశ్శబ్దంగా ఊపిరి తీస్తుంటే నీడ, చల్లని నీళ్లు ఇస్తే సరిపోతుంది, మందు అక్కర్లేదు. ఆ చల్లని వేళలోనూ నోరు తెరిచే ఉన్నా, ఊపిరితో పాటు తోక కిందికీ పైకీ ఊగుతున్నా, గొంతులో గురగుర వినబడినా ఇక తాత్సారం చేయకూడదు.

ఆ రాత్రి పిల్లను గూట్లో ఉంచకండి. పెద్ద అట్టపెట్టెలో పాత నూలు గుడ్డ పరిచి (ఒట్టి పేపరు మీద కాళ్లు జారతాయి), పైన దోమతెర కప్పి, గాలాడే గదిలో పెట్టండి. తెల్లారేసరికి తుమ్ములు తగ్గి కళ్లు బాగా తెరిచిందంటే తప్పు గూటిదే. నయాపైసా ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండానే యాంటీబయాటిక్ సీసాలు కొనేస్తారు.

దొరకని దొంగ: తడి ఊక మీద బూడిద

గూడు పైనుంచి చూస్తే బాగానే ఉంటుంది. ఊక పొడిగా, పచ్చగా కనబడుతుంది. వాసన వచ్చినప్పుడల్లా పైన కొత్త ఊక ఒక పొర వేస్తూ వచ్చారు కాబట్టి అలా కనబడుతోంది. అడుగున మూడంగుళాల లోతులో రెట్ట, ఒలికిన నీళ్లు, వాన జల్లు కలిసి ముద్దయి ఉంటాయి. చేతికి కవరు తొడుక్కుని రెండు చోట్ల నుంచి తీయండి: నీళ్ల గిన్నె పక్కన, పిల్లలు రాత్రి కూర్చునే కొయ్య కింద. పిడికిట్లో గట్టిగా నొక్కి విప్పండి. ఉండ ఉండలాగే నిలబడితే తడి ఎక్కువైనట్టు. విప్పగానే విడిపోయి జారితే పర్వాలేదు.

తర్వాత ముక్కు పరీక్ష. నిలబడి వాసన చూస్తే ప్రయోజనం లేదు. పొద్దున్నే, టార్పాలిన్ తీయకముందే, మోకాళ్ల మీద కూర్చుని పిల్ల తల ఉండే ఎత్తుకు ముఖం తీసుకెళ్లండి. రోజూ గూడు ఊడ్చేవాళ్ల ముక్కుకు ఈ ఘాటు అలవాటై తెలియకుండా పోతుంది, అందుకని ఇంట్లో ఇంకొకరిని పిలిచి చూపించండి. ఆ ఘాటు రెట్టలోంచి లేచే అమ్మోనియా వాయువుది. కోళ్ల షెడ్లలో అది 25 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 25 భాగాలు) దాటకూడదంటారు. మీ కళ్లు మండాయంటే అది ఎప్పుడో దాటేసింది.

ఇక పేల దగ్గరికి. పేలు కనబడగానే పొయ్యి బూడిదో, పొడి సున్నమో తెచ్చి గూడంతా చల్లమని ఎవరో ఒకరు చెబుతారు. పొడి నేల మీద ఆ సలహాలో తప్పులేదు. తడి ఊక మీద మాత్రం చెడ్డ పని. రెట్టలోని యూరిక్ ఆమ్లాన్ని సూక్ష్మజీవులు విరగ్గొట్టి అమ్మోనియా తయారుచేస్తాయి. ఊకలో కాస్త ఆమ్లగుణం ఉన్నంతవరకూ అందులో ఎక్కువ భాగం లవణంగా అక్కడే కట్టుబడి ఉంటుంది. బూడిదా సున్నమూ రెండూ క్షారాలు. అవి తగలగానే కట్టుబడి ఉన్నది వాయువై పైకి లేస్తుంది. పైగా వానకని నాలుగు వైపులా టార్పాలిన్ దించి ఉంటారు, పోయే దారి ఉండదు. పేలకు చేసిన వైద్యం రెండు రోజుల్లో ఊపిరి జబ్బుగా బయటపడుతుంది. ఇంట్లోవాళ్లేమో పేలు లోపలికి పోయాయనుకుంటారు!

అమ్మోనియా గాలిగొట్టం లోపలి గోడను దెబ్బతీస్తుంది. అక్కడ కంటికి కనబడని సన్నటి కేశాలు దుమ్మునూ క్రిములనూ కళ్లెతో పాటు పైకి నెడుతుంటాయి. అవి పనిచేయకపోతే మామూలుగా ఏమీ చేయలేని క్రిములు కూడా గొంతులో తిష్ఠ వేస్తాయి. యాంటీబయాటిక్ ఇచ్చినన్నాళ్లూ తగ్గి, ఆపిన వారానికి మళ్లీ మొదలయ్యేది ఇందుకే. మందు పనిచేసింది, గాలి మాత్రం మారలేదు.

చేయాల్సింది ఇది. కోళ్లన్నిటినీ బయటికి తీసి, ఊక మొత్తం అడుగంటా ఎత్తేయండి. పై పొర తీసి కింది పొర ఉంచడం అసలు మొదలుపెట్టనట్టే. నేలను గీకి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. సున్నం వేయాలనుకుంటే ఇప్పుడు, ఉత్త నేల మీద వేసి, ఊడ్చేసి, ఆ తర్వాత ఊక పరవండి. ఎండిన ఊక రెండు మూడంగుళాలు చాలు, రోజూ ఒకసారి కలియబెట్టండి. రంపపు పొట్టు వాడితే జల్లించి మెత్తటి దుమ్ము తీసేయండి. నీళ్ల గిన్నెను ఇటుక మీద, పిల్ల వీపు ఎత్తుకు పెడితే సగం తడి అక్కడే ఆగిపోతుంది. టార్పాలిన్‌ను వాన కొట్టే వైపు కిందిదాకా దించుకోండి. మిగతా వైపుల్లో, కనీసం ఎదురెదురుగా రెండు చోట్ల, పైభాగాన జానెడు సందు వదలండి. గాలి పిల్లల తల మీదుగా పోవాలి, ఒంటికి సూటిగా కొట్టకూడదు.

ఊక తీసేటప్పుడు బూడిద పచ్చ రంగు బూజు, ముక్కిన వాసన ఉంటే సంగతి వేరు. ఆ బూజు విత్తులు ఊపిరితిత్తుల్లో పడితే పిల్ల చప్పుడు లేకుండానే నోరు తెరిచి ఎగపోస్తుంది. దానికి నమ్మదగ్గ మందు లేదు. బూజు పట్టిన ఊక, కొబ్బరి పీచు పొట్టు, మేత ఎండబెట్టి వాడుకుందామనుకోకండి, పారేయండి.

పేలకు

ఊపిరి కుదుటపడ్డాకే. అప్పటిదాకా మలద్వారం దగ్గర ఈకల మొదళ్లలో గుత్తులుగా అంటుకున్న ఈపులను ఈకతో సహా కత్తెరతో కత్తిరించి తీసేయండి. సగం భారం అలాగే దిగుతుంది.

ముందు అవి పేలేనా చూసుకోండి. గడ్డి రంగులో, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుతో, ఈకలు విప్పగానే పరుగెత్తితే పేలు. పగలు ఒంటి మీద పెద్దగా ఏమీ లేకపోయినా తురాయి పాలిపోయి ఉంటే, రాత్రి టార్చి వేసి కూర్చునే కొయ్య కింది పగుళ్లు చూడండి. తెల్లగుడ్డతో రుద్దితే ఎర్రటి మరక అంటిందంటే అవి రక్తం తాగే ఎర్రనల్లులు. వాటికి మందు పడాల్సింది ముందు గూటికి. రక్తం తగ్గిన పిల్ల కూడా ఆయాసపడుతుంది, అది గుర్తుంచుకోండి.

పేలకు పెర్మెత్రిన్ 0.25 శాతం పొడి సరిపోతుంది. ఆరుబయట, గాలికి వీపు పెట్టి, మీరు మాస్కు కట్టుకుని చేయండి. పిల్ల తల మీద పలచటి గుడ్డ కప్పి, మలద్వారం చుట్టూ, రెక్కల కింద, తొడల దగ్గర, మెడ వెనక వేళ్లతో ఈకల మొదళ్లకు రుద్దండి. ఈ వయసు పిల్లకు మొత్తం అర టీస్పూను చాలు. గూట్లో ఉన్న కోళ్లన్నిటికీ అదే రోజు పట్టించాలి. ఈపులకు ఈ మందు ఎక్కదు, అందుకే పది రోజులకు రెండోసారి తప్పదు. పేలు పోయాయి కదా అని రెండోసారి మానేసినవాళ్లే నెల తిరిగేసరికి మందు నకిలీదంటారు. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ దాని దరిదాపుల్లోకి రానివ్వకండి, ప్రాణం మీదికి వస్తుంది.

కుక్కల గోమార్ల పొడి వాడకండి. వాటిలో కొన్నిట్లో ఉండే ప్రొపాక్సర్, కార్బరిల్ లాంటి మందులు మోతాదు మించితే వాటంతట అవే చొంగ కార్పించి ఊపిరి బిగబట్టిస్తాయి. చీమల చాక్‌పీసు, కిరోసిను, కాలవల్లో చల్లే తెల్లపొడి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇసుక, మట్టి కలిపిన దుమ్ము స్నానపు తొట్టి మంచిదే. కాస్త బూడిద అందులో వేసుకోవచ్చు, కానీ తొట్టి గూటి బయట, తడవని చోట ఉండాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

గాలి మార్చి రెండు రోజులైనా గురగుర తగ్గకపోయినా, కంటి మూల నురగ కట్టినా, ముఖం వాచి ముక్కు నుంచి దుర్వాసన వస్తున్నా పక్షులను చూసే పశువైద్యుడికి చూపించండి. చెన్నైలో వేపేరిలో మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకాలు వేయించిన తేదీలు రాసుకుని వెళ్లండి: మొదటి వారంలో ఎఫ్1 లేదా లసోటా, ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆర్2బి. లసోటా చుక్కలు వేశాక కొన్నాళ్లు కాస్త తుమ్మడం మామూలే. పచ్చగా పారడం, మెడ తిరగడం, ఒకటి వెంట ఒకటి చావడం కనబడితే పిల్లను ఎక్కడికీ మోసుకెళ్లకండి, ఫోన్ చేసి చెప్పండి. చచ్చినవాటిని ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు.

ఈలోగా వెల్లుల్లి రసమో పసుపు నీళ్లో సిరంజితో గొంతులో కొట్టకండి. గాలిగొట్టం నోరు నాలుక మొదట్లోనే ఉంటుంది, అటు పోయిన రసం నేరుగా ఊపిరితిత్తుల్లోకే. ఏదైనా పట్టాల్సివస్తే ముక్కు పక్కన ఒక్కో చుక్క వేసి, మింగాక ఇంకో చుక్క.

మిగతావి అరుదు. నోట్లో పసుపు పొక్కులు కట్టి ఊపిరి ఆడకపోతే అమ్మవారు (కోడి మశూచి) నోటి లోపలికి వచ్చినట్టు, దోమలు ఆపాలి, డాక్టరుకు చూపించాలి. మెడ చాచి ఆవలిస్తున్నట్టు చేస్తే గాలిగొట్టంలో పురుగులు కావచ్చు. అవి వానపాములు తినే పెరటి కోళ్లకు వస్తాయి, మేడ మీది కోళ్లకు రావడం చాలా తక్కువ. గాలి తిత్తుల నల్లి గురించి ఇంటర్నెట్‌లో చదివి కంగారుపడేవాళ్లూ ఉన్నారు. అది ఎక్కువగా పంజరం పిట్టల బాధ.