వసంతంలో మొరెల్ పుట్టగొడుగులు: వెతకడం, గుర్తించడం, వండడం

అడవి పుట్టగొడుగులు ఏరడం కొత్తగా మొదలుపెట్టేవారు మొదటి వసంతంలో ఒకే ఒక్క రకాన్ని నేర్చుకోవాలని, అది మొరెల్ కావాలని నా అభిప్రాయం. పది రకాలను పైపైన తెలుసుకోవడం కన్నా ఒక్కదాన్ని లోపలా బయటా క్షుణ్ణంగా తెలుసుకోవడమే ఇక్కడ ప్రాణానికి రక్ష. గుచ్చీ అనే పేరుతోనూ పిలిచే ఈ పుట్టగొడుగు సమశీతోష్ణ అడవుల్లో వసంతం రాగానే నేలను చీల్చుకుని వస్తుంది. గొడుగులా విచ్చుకునే మామూలు ఆకారం దీనికి లేకపోవడం వల్ల, అమానిటా జాతికి చెందిన ప్రాణాంతకమైన తెల్లని పుట్టగొడుగులతో పొరబడే అవకాశం చాలా తక్కువ. అయితే దీన్ని పోలిన విషపు రకాలు లేకపోలేదు. వాటి నుంచి దీన్ని వేరు చేసే పద్ధతి సులభమైనదే కానీ, బుట్టలో పడే ప్రతి పుట్టగొడుగుకూ ఆ పద్ధతిని పాటించి తీరాలి.

క్యాలెండర్ కన్నా నేల వేడిమినే నమ్ముకోవడం మేలు. పైమట్టి ఉష్ణోగ్రత దాదాపు 10 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, రాత్రుళ్ళు మంచు కురవడం తగ్గి, ఒక మంచి వాన పడ్డాక మొరెల్స్ కనిపించడం మొదలవుతుంది. ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు ఎండ తగిలే వాలులు ముందుగా వేడెక్కుతాయి కనుక వెతకడం అక్కడ ప్రారంభించి, రోజులు గడిచేకొద్దీ ఉత్తరపు వాలులకూ, ఎత్తైన ప్రదేశాలకూ వెళ్ళాలి. ఈమధ్యనే చనిపోయి బెరడు ఊడిపోతున్న ఎల్మ్ చెట్ల మొదళ్ళూ, యాష్ చెట్ల చుట్టుపక్కలా, కార్చిచ్చు రేగిన మరుసటి వసంతంలో సూదిమొన ఆకుల అడవులూ వీటికి పేరుపడ్డ చోట్లు. ఎండుటాకుల రంగులోనే ఉంటాయి కనుక నడుస్తూ వెతికితే కంటికి ఆనవు. ఒకచోట ఆగి, వంగి, నేలకు సమాంతరంగా చూస్తే ఆకుల మధ్య నుంచి పొడుచుకు వచ్చిన తల కనిపిస్తుంది. ఒకటి దొరికిందంటే చుట్టూ మరికొన్ని ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, కాలు కదపకముందే నాలుగు వైపులా నేలను పరికించాలి.

ఎక్కడ ఏరకూడదో తెలుసుకోవడమూ అంతే అవసరం. పుట్టగొడుగులు మట్టిలోని భారలోహాలను తమలోకి పీల్చుకుంటాయి. రద్దీ రోడ్ల అంచులు, రైలు పట్టాల పక్కలు, కర్మాగారాల పరిసరాలు అందుకే పనికిరావు. పాత ఆపిల్ తోటల్లో మొరెల్స్ బాగా వస్తాయన్నది నిజమే. కానీ ఒకప్పుడు ఆ తోటల్లో లెడ్ ఆర్సెనేట్ అనే పురుగుమందును విస్తారంగా చల్లారు. అందులోని సీసం, ఆర్సెనిక్ దశాబ్దాలు గడిచినా మట్టిని విడిచిపోవు. తోట చరిత్ర తెలియనప్పుడు అక్కడి పంటను ముట్టుకోకపోవడమే సరైన పని. నేల ఎవరిదో కనుక్కుని అనుమతి తీసుకోవాలి. రక్షిత అడవుల్లో ఏరడాన్ని పూర్తిగా నిషేధించడమో, పరిమాణానికి హద్దు పెట్టడమో ఉంటుంది.

ఇక గుర్తించడం. మొరెల్ టోపీ తేనెపట్టులా గుంటలు గుంటలుగా ఉంటుంది, ఆ గుంటల మధ్య గట్లు ఒకదానితో ఒకటి కలిసి వలలా అల్లుకుని ఉంటాయి. టోపీ అడుగు అంచు కాడకు అతుక్కుపోయి ఉంటుంది. పైచూపుతో ఆగిపోకుండా, తల కొస నుంచి కాడ మొదలు వరకు కత్తితో నిలువునా రెండుగా చీల్చాలి. నిజమైన మొరెల్ అయితే టోపీ, కాడ రెండూ కలిసి ఒకే బోలు గది అవుతాయి. లోపల అడ్డుగోడలు గానీ, దూదిలాంటి పదార్థం గానీ ఉండవు, గోడల లోపలి వైపు లేత రంగులో ఉంటుంది. జైరోమిట్రా అనే విషపు రకాన్ని ఇలాగే చీలిస్తే లోపల వంకరటింకర అరలు, మడతలు బయటపడతాయి. దాని టోపీ మీద గుంటలకు బదులు మెదడు ముడతల్లాంటి ఎర్రటి గోధుమరంగు మడతలుంటాయి. అందులోని జైరోమిట్రిన్ అనే విషం శరీరంలో మోనోమిథైల్‌హైడ్రజీన్‌గా మారి కాలేయాన్నీ నాడీవ్యవస్థనూ దెబ్బతీస్తుంది. ఆ రసాయనం 88 డిగ్రీల లోపే మరిగి ఆవిరవుతుంది కాబట్టి, జైరోమిట్రాను ఉడికిస్తున్న గదిలో ఆవిరి పీల్చినవారికి కూడా హాని జరగవచ్చు. ఉడకబెట్టి నీళ్ళు పారబోస్తే తినవచ్చని కొన్నిచోట్ల చెప్పుకునే మాటను నేను అంగీకరించను. వెర్పా అనే మరో రకంలో టోపీ కాడ కొసన మాత్రమే అంటుకుని చుట్టూ వదులుగా వేలాడుతుంది, కాడ లోపల దూదిలాంటి పీచు ఉంటుంది. టోపీ సగం వరకే అతుక్కుని ఉండే అసలైన మొరెల్స్ కూడా కొన్ని ఉన్నాయి. వాటిని మొదటి సంవత్సరం వదిలేయాలి.

వెండి నాణెం నల్లబడితే విషమని, పురుగులు తింటే మంచిదని, వెల్లుల్లి రంగు మారకపోతే భయం లేదని చెప్పే పరీక్షల్లో ఒక్కటీ నిజం కాదు. ఫోటో చూసి పేరు చెప్పే ఫోన్ యాప్‌ల మాట మీద కూడా తినకూడదు. అనుభవజ్ఞులైనవారికి స్వయంగా చూపించి నిర్ధారించుకోవడమే దారి.

పుట్టగొడుగును కాడ మొదలు దగ్గర కోయడమా, నేల నుంచి పెరకడమా అన్న వాదన ఎప్పుడూ ఉండేదే. స్విట్జర్లాండ్‌లో 1975 నుంచి 29 సంవత్సరాల పాటు అడవి పుట్టగొడుగులపై జరిపిన పరిశీలనలో, ఏ పద్ధతిలో ఏరినా తరువాతి పంట తగ్గలేదని, మనుషులు అటూ ఇటూ తిరుగుతూ నేలను తొక్కినప్పుడు మాత్రం పైకి వచ్చే పుట్టగొడుగుల సంఖ్య తగ్గిందని తేలింది. మొరెల్‌ను మట్టి అంటకుండా కాడ మొదలు దగ్గర కోసుకోవడం నాకు నచ్చిన పద్ధతి, ఎందుకంటే మట్టి ఒకసారి గుంటల్లోకి చేరితే వదలదు. గాలి ఆడే బుట్టలోనో, గుడ్డ సంచిలోనో వేసుకోవాలి. ప్లాస్టిక్ సంచిలో అవి చెమ్మగిల్లి త్వరగా కుళ్ళుతాయి.

మొరెల్‌ను పచ్చిగా ఎన్నడూ తినకూడదు. 2023లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఒక భోజనశాలలో పచ్చిగా, సగం ఉడికీ ఉడకనట్టుగా వడ్డించిన మొరెల్స్ తిని 51 మంది అస్వస్థులయ్యారు, ఇద్దరు చనిపోయారు. అవి సాగుచేసిన అసలైన మొరెల్సే. అంటే సరిగ్గా గుర్తించడంతో పని పూర్తి కాలేదు, పొయ్యి మీద జరిగేదీ అంతే ముఖ్యం.

వండేముందు రెండుగా చీల్చిన ముక్కలను మెత్తని బ్రష్‌తో దులిపి, గుంటల్లో దాగిన చిన్న పురుగులు, ఇసుక పోయేలా చన్నీటిలో ఒకసారి జాడించి, గుడ్డ మీద ఆరబెట్టాలి. గంటల తరబడి నానబెడితే నీరు పీల్చుకుని రుచి పోతుంది. వెడల్పాటి పెనాన్ని మధ్యరకం సెగ మీద వేడిచేసి, నూనె లేకుండా ముక్కలను ఒకే వరుసగా పరచాలి. కాసేపటికే నీరు ఊరి పెనం సలసలమంటుంది. ఆ నీరంతా ఇగిరి, శబ్దం చిటపటలోకి మారినప్పుడు వెన్న గానీ నూనె గానీ వేసి, ముక్కల అంచులు గోధుమరంగు తిరిగే దాకా వేయించాలి. మొత్తం మీద పదిహేను నిమిషాలకు తగ్గకుండా పొయ్యి మీద ఉంచి, కిటికీలు తెరిచి వండడం నా నియమం. ఉప్పు, మిరియాల పొడి, చివర్లో కాస్త సన్నగా తరిగిన ఉల్లిపాయ చాలు. దీని గాఢమైన రుచి మీద మసాలాలు కుమ్మరించడం దీనికి చేసే అన్యాయం.

మొదటిసారి తినేవారు ఒకటి రెండు ముక్కలతో ఆపి, మద్యం ముట్టకుండా ఒక రోజు గడవనివ్వాలి. వండని పుట్టగొడుగు ఒకటి ఫ్రిజ్‌లో దాచి ఉంచితే, ఏదైనా జరిగినప్పుడు వైద్యులు దాన్ని గుర్తించగలుగుతారు. తిన్న ఆరు గంటల తరువాత మొదలయ్యే వాంతులు, విరేచనాలు అత్యంత ప్రమాదకరం. అమానిటాలోని విషం అలాగే ఆలస్యంగా పనిచేసి, మధ్యలో తగ్గినట్టు అనిపించి, తరువాత కాలేయాన్ని పాడుచేస్తుంది. తగ్గిందని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

తాజా మొరెల్స్ కాగితపు సంచిలో, ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు నిలుస్తాయి. ఎక్కువ దొరికితే నిలువు ముక్కలుగా చీల్చి, 50 డిగ్రీల ప్రాంతంలో, వంచగానే పెళుక్కున విరిగే దాకా ఆరబెట్టి, తడి తగలని గాజు సీసాలో మూత బిగించి పెట్టుకోవచ్చు. ఆరబెట్టడం వండడంతో సమానం కాదు. వాటిని గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి, తాజావాటిలాగే పూర్తిగా వండాలి. నానిన నీటిని ఇసుక రాకుండా పలుచని గుడ్డలో వడగట్టి, రుచి పోకుండా ఆ వంటకంలోనే పోసి బాగా మరిగించాలి.