పెయిన్ పంప్ బటన్ ఎవరు నొక్కాలి?

మొన్న ఆపరేషన్ అయిన ఒకావిడని చూడడానికి ఆసుపత్రికి వెళ్లాను. భార్యాభర్తలు ఈ దేశం వచ్చి ఇంకా మూడు నెలలు కాలేదు. ఆవిడ గాఢనిద్రలో ఉంది. పక్కన కుర్చీలో భర్త, అతని చేతిలో ఆవిడ పెయిన్ పంప్ బటన్. ఫోన్‌లో టైమ్ చూసుకుంటూ నొక్కుతున్నాడు. "లేచేసరికి నొప్పి తెలియకూడదు కదన్నా, ఎనిమిది నిమిషాలకోసారి నొక్కుతున్నా" అన్నాడు. బటన్ లాగేసుకుని నర్సుని పిలిచాను. తర్వాత బయటికి తీసుకెళ్లి కాస్త గట్టిగానే మాట్లాడాను. ఆ చిరాకు ఇంకా పోలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఇన్సూరెన్స్ గురించి, అపాయింట్‌మెంట్ల గురించి చెప్పేవాళ్లు మీకు వందమంది దొరుకుతారు. ఈ పెట్టె గురించి చెప్పేవాళ్లే ఉండరు.

మంచం పక్కన స్టాండుకి తాళం వేసిన చిన్న మెషీన్ ఉంటుంది. పీసీఏ పంప్ అంటారు, అంటే నొప్పి మందు ఎప్పుడు కావాలో పేషెంటే బటన్ నొక్కి తీసుకునే పంపు. లోపల మామూలుగా మార్ఫిన్, కొన్నిసార్లు ఫెంటనిల్ లేదా హైడ్రోమార్ఫోన్ అనే బలమైన నొప్పి మందు ఉంటుంది. బటన్ నొక్కితే సెలైన్ ట్యూబు ద్వారా చిన్న డోసు రక్తంలోకి వెళ్తుంది. పెద్దవాళ్లకి మార్ఫిన్ అయితే తరచుగా 1 మిల్లీగ్రామే పెడతారు. ఆ తర్వాత 5 నుంచి 10 నిమిషాల దాకా లాకౌట్. అంటే ఈలోపు ఎన్నిసార్లు నొక్కినా మందు రాదు. కానీ ప్రతి నొక్కూ మెషీన్‌లో రికార్డవుతుంది. గంటలో నలభైసార్లు నొక్కితే ఆరుసార్లే మందు వచ్చిందనుకోండి, నర్సు మిమ్మల్ని తప్పుపట్టదు. డోసు చాలడం లేదని డాక్టరుకి చెబుతుంది. మొహమాటపడకండి.

నేను వచ్చిన రెండో నెలలో నా అపెండిక్స్ పగిలింది. ఆపరేషన్ అయ్యాక నర్సు పావుగంట ఏదో వివరించింది. ఆ యాస ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా బుద్ధిగా తలూపి "యస్, యస్" అన్నాను. మంచం మీద రెండు వైర్లు, రెండు బటన్లు. ఒకటి నర్సుని పిలిచేది, రెండోది పంపుది. రాత్రి నర్సు కోసం నొక్కాను. ఎవరూ రాలేదు. మళ్లీ నొక్కాను. "పరాయి దేశంలో మనల్ని ఎవరు పట్టించుకుంటారులే" అని ఏడుపొచ్చింది. కాసేపటికి మత్తుగా నిద్ర పట్టేసింది. నేను నొక్కింది ఏ బటనో పొద్దున తెలిసింది.

అక్కడితో ఆగలేదు. లోపలిది మార్ఫిన్ అని విన్నాక, దానికి అలవాటుపడిపోతానేమోనని ఒకటిన్నర రోజు బటన్ ముట్టుకోలేదు. పళ్లు బిగించి పడుకున్నాను. దగ్గితే కుట్లు లాగుతాయని దగ్గలేదు, గట్టిగా ఊపిరి కూడా తీసుకోలేదు. చివరికి ఛాతీలో కఫం పట్టి జ్వరం వచ్చింది, ఇంకో నాలుగు రోజులు అక్కడే. ఓర్చుకున్నందుకు నాకెవరూ సన్మానం చేయలేదు.

కాబట్టి అర్థం కాకపోతే తలూపకండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, చాలాచోట్ల ఫోన్లోనైనా ఏర్పాటు చేస్తారు. లేచి నడిచే ముందు, ఫిజియోథెరపీ వాళ్లు వచ్చే ముందు, ఓ పది నిమిషాలు ముందుగా నొక్కండి. నొప్పి ముదిరాక నొక్కితే ఆ చిన్న డోసు దాన్ని అందుకోలేదు. నిద్ర లేచేసరికి నొప్పి బాగా పెరిగిపోయి ఉంటే నర్సుని పిలవండి. ఎక్కువ మందు ఇచ్చి నొప్పిని దించడం వాళ్ల పని, పంపు చేసేది దాన్ని మళ్లీ లేవకుండా చూడడమే.

ఇక అసలు విషయం. ఆ బటన్ పేషెంట్ తప్ప ఇంకెవరూ నొక్కకూడదు. భర్త, అమ్మ, అక్క, సాయానికొచ్చిన స్నేహితుడు, ఎవరైనా సరే.

లాకౌట్ ఉంది కదా, ఇంకేం భయం అని మొన్న బటన్ నొక్కుతున్న ఆ భర్తా అన్నాడు. లెక్క చూడండి. 1 మిల్లీగ్రాము చొప్పున ఎనిమిది నిమిషాలకోసారి అంటే గంటకి 7 దాకా. మెలకువగా, నొప్పితో ఉన్న మనిషికి అది సరిపోవచ్చు. నిద్రపోతున్న మనిషికి ఊపిరి మందగించేలా చేయొచ్చు. ఈ మెషీన్‌లో అసలు రక్షణ లాకౌట్ కాదు, పేషెంట్ నిద్రే. మందు ఎక్కువైతే మత్తు వస్తుంది, చెయ్యి బటన్ నొక్కదు, మందు దానంతటదే తగ్గుతుంది. పక్కవాళ్లు నొక్కితే ఆ రక్షణ పోయినట్టే. నిద్రలో మూలిగినా నొక్కొద్దు. మూలుగు విని నొక్కడం ప్రేమే, కాదనను. ఇలాంటి ప్రేమ వల్లే ప్రమాదాలు జరిగి, అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2004 డిసెంబర్‌లో దీని మీదే ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. చిన్నపిల్లలకో, చెయ్యి కదపలేనివాళ్లకో ఆసుపత్రే నర్సుకి గానీ, నేర్పించి ఒక తల్లికి గానీ ఆ పని అప్పగిస్తే అది వేరు. మీకు మీరే ఆ బాధ్యత తీసుకోకండి.

ఏదో ఒకటి చేయాలని చేతులు ఊరుకోకపోతే ఊపిరి లెక్కపెట్టండి. నిమిషానికి పదికన్నా తక్కువైనా, గురక వింతగా ఉన్నా, పిలిస్తే లేవకపోయినా, పెదవులు నీలంగా మారినా వెంటనే నర్సుని పిలవండి. వేలికి పెట్టిన ఆక్సిజన్ క్లిప్ అంకె బాగుందని ధీమాగా ఉండొద్దు. ముక్కుకి ఆక్సిజన్ పెట్టినప్పుడు ఊపిరి తగ్గినా ఆ అంకె కాసేపు బాగానే కనిపిస్తుంది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పాలి. సూట్‌కేసులో తెచ్చుకున్న నిద్రమాత్రలు చెప్పకుండా వేసుకోవద్దు. ఇది నేను రెండుసార్లు చూశాను.

ఈ పంపు ఆపరేషన్లకే కాదు, కాలిన గాయాలకి, సికిల్ సెల్ అనే రక్త జబ్బు నొప్పులకి, క్యాన్సర్ నొప్పికి కూడా పెడతారు. కాన్పు నొప్పులకి వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్‌లోనూ బటన్ రకం ఉంది. చెబితే అర్థం చేసుకునే ఐదారేళ్ల పిల్లలు కూడా వాడగలరు. మనిషి అయోమయంలో ఉంటే మాత్రం పెట్టరు.

ఇంత భయపెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. బటన్ మీ చేతిలోనే ఉన్నంతవరకు ఇది భద్రమైన పద్ధతే. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో తయారైన తొలి పంపు 1976లోనే మార్కెట్లోకి వచ్చింది, కొత్త ప్రయోగమేమీ కాదు. మందు ఎక్కువైనా నాలాక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ నిమిషాల్లో పనిచేస్తుంది. వికారం, దురద, మలబద్ధకం రావచ్చు, చెబితే వాటికీ మందులిస్తారు. నొప్పి కోసం రెండు మూడు రోజులు వాడితే వ్యసనం కావడం అరుదు. ఆ జాగ్రత్త ఏదో ఇంటికి ఇచ్చే మాత్రల విషయంలో పడండి.

ఆ భర్త ఆ రాత్రి పన్నెండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, తనే లేచి నొక్కుకుని మళ్లీ పడుకుంది. ఇప్పుడు నేనేం చేయాలి?"

"నువ్వూ పడుకో" అన్నాను.