శ్రావణంలో బయానా ఇచ్చే ముందు: ఒప్పంద పత్రంలో తప్పులు సరిచూసుకోవడం

ఆషాఢం వెళ్లగానే విశాఖపట్నం చుట్టుపక్కల మధురవాడ, పెందుర్తి, భీమిలి వైపు స్థలాల బేరాలు ఊపందుకుంటాయి. ముహూర్తం దాటిపోతుందన్న తొందరలో ఎవరిదో పాత అగ్రిమెంటు తెచ్చి, పేర్లు మాత్రం మార్చి సంతకాలు పెట్టేస్తారు; తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.

పేరులో ఒక అక్షరం తప్పు పడినంత మాత్రాన, మనిషి ఎవరో, స్థలం ఏదో మిగతా వివరాల వల్ల తెలుస్తున్నప్పుడు, ఒప్పందం చెల్లకుండా పోదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం చూసేది ఇరుపక్షాలూ ఒకే విషయానికి, ఒకే అర్థంలో సమ్మతించాయా అన్నదే. ఒప్పందానికి ప్రాణమైన వాస్తవం గురించి ఇద్దరూ పొరబడితే 20వ సెక్షన్ ప్రకారం అది చెల్లదు. అప్పుడు 65వ సెక్షన్ కింద తీసుకున్న సొమ్ము తిరిగి ఇవ్వాల్సి ఉంటుంది. ఒక్కరే పొరబడితే, ఆ కారణం ఒక్కటే చూపి తప్పుకోవడానికి 22వ సెక్షన్ ఒప్పుకోదు. స్థలం విలువను ఎక్కువగా ఊహించుకోవడం వాస్తవం విషయంలో పొరపాటు కిందికి రాదు, మన దేశపు చట్టం తెలియక పొరబడ్డానన్న వాదనా నిలవదు.

కాబట్టి సంతకానికి ముందు ఎక్కువ సేపు వెచ్చించవలసింది షెడ్యూలు దగ్గర, అంటే పత్రంలో స్థలం వివరాలు రాసే భాగం దగ్గర. సర్వే నంబరును, సబ్ డివిజన్‌తో సహా, లింకు దస్తావేజులతో, అంటే అదే స్థలం చేతులు మారిన పాత దస్తావేజులతో, పోల్చి చూడాలి. నాలుగు హద్దులను స్థలంలో నిలబడి చదువుకోవాలి. 5 సెంట్లంటే 242 చదరపు గజాలు. దానిని నోటి లెక్కన 250 గజాలని రాసి, ధర గజానికి ఇంత అని కట్టుకుంటే ఆ 8 గజాల దగ్గరే తగాదా మొదలవుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినందున, అనకాపల్లి వైపు స్థలాల పాత దస్తావేజుల్లో విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. అది తప్పు కాదు గాని, కొత్త పత్రంలో ఇప్పటి జిల్లా పేరు రాయించాలి. మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, రెండూ ఒకటేనా అని పైకి చదివించుకోవడం మంచిది. గడువు తేదీని ఖాళీగా వదిలి “తర్వాత రాసుకుందాం” అనే మధ్యవర్తి మాట వినకండి. అర్థం తేలని ఒప్పందం 29వ సెక్షన్ ప్రకారం చెల్లదు.

కొట్టివేత గాని దిద్దుబాటు గాని ఉంటే, ప్రతి చోటా ఇద్దరూ సంతకం చేయాలి. సంతకాలయ్యాక ఒక పక్షం రెండో పక్షానికి తెలియకుండా ముఖ్యమైన మాట మార్చితే, ఆ మార్పే ఒప్పందాన్ని దెబ్బతీయవచ్చు. వైట్‌నర్ అసలు వాడకపోవడమే మేలు.

రిజిస్ట్రేషన్ తర్వాత తప్పు బయటపడితే, ఇద్దరూ కలిసి సవరణ దస్తావేజు రాయించుకోవచ్చు. అవతలివారు రాకపోతే 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం, 26వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లి, మోసం వల్లనో ఇరుపక్షాల పొరపాటు వల్లనో అసలు ఉద్దేశం పత్రంలోకి రాలేదని రుజువు చేయాలి. ఈలోగా సద్భావంతో, సొమ్ము చెల్లించి ఆ ఆస్తిపై హక్కు పొందిన మూడో వ్యక్తి ఉంటే, అతనికి నష్టం కలిగేలా ఆ సవరణ దొరకదు. బేరం నాటి మాటలను, మెసేజీలను, బయానా రసీదును అందుకోసమే దాచిపెట్టుకోవాలి.