ఆఫీసులో కులం పేరుతో వేధిస్తుంటే గిరిజన ఉద్యోగి ఏం చేయాలి? ఎక్కడ, ఎలా ఫిర్యాదు చేయాలి?

రివ్యూ మీటింగులో అందరి ముందు "కోటాలో వచ్చినోళ్లకి ఫైళ్లేం అర్థమవుతాయిలే" అని ఒక మాట. ప్రతి బదిలీలోనూ మళ్లీ అదే ఏజెన్సీ మండలం, పైగా "మీవాళ్ల మధ్యే ఉంటారు కదా" అని ఓ సమర్థింపు. ప్రమోషన్ లిస్టు పైకి వెళ్లే సమయానికి ఎక్కడి నుంచో ఊడిపడే ఆకాశరామన్న ఉత్తరం, ఇతని ఎస్టీ సర్టిఫికెట్ దొంగది అని. కోయ, గోండు, లంబాడా, ఎరుకల, యానాది, సవర, ఏ తెగ వాళ్లయినా సరే, సర్కారు కొలువులో ఉన్న చాలామందికి ఇవి తెలిసిన సంగతులే. చట్టాలు లేకపోవడం అసలు ఇబ్బంది కాదు. ఏ బాధను ఏ తలుపు దగ్గరికి తీసుకెళ్లాలో తెలియక, పదేళ్ల కష్టమంతా ఒకే అర్జీలో గుమ్మరించి, దాన్నే కలెక్టరు నుంచి రాష్ట్రపతి దాకా అందరికీ పంపించి, ఎవరి నుంచీ జవాబు రాక నీరుగారిపోవడమే ఎక్కువగా జరుగుతోంది.

కాబట్టి ముందు మీ సమస్యను రెండుగా విడదీయండి. తిట్టడం, అవమానించడం, బెదిరించడం, వెలివేసినట్టు చూడటం క్రిమినల్ దారి. మెమో, సస్పెన్షన్, బదిలీ, ఏసీఆర్‌లో (పై అధికారి ఏటా రాసే పనితీరు రిపోర్టులో) చెడు రాత, ప్రమోషన్ ఆపడం సర్వీసు దారి. రెండింటి వెనకా ఒకే మనిషి ఉండొచ్చు, అయినా కాగితాలు మాత్రం వేరుగానే నడవాలి. ఇంక్రిమెంట్ ఆపారని పోలీసుల దగ్గరికి వెళితే "ఇది మీ డిపార్ట్‌మెంట్ విషయం" అంటారు, కులం పేరుతో తిట్టారని డిపార్ట్‌మెంటుకు మాత్రమే రాసి ఊరుకుంటే మెల్లగా ఓ విచారణ వేసి అటకెక్కిస్తారు.

జరిగిన రోజే రాసుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ఆ రోజు రాత్రి పడుకునే లోపు తేదీ, టైము, చోటు, అన్న మాటలు అన్నవి అన్నట్టుగా, ఎవరెవరు విన్నారు అన్నది రాసి పెట్టుకోండి. "అసభ్యంగా దూషించారు" అని రాస్తే అది ఎందుకూ పనికిరాదు. ఇలా ఉండాలి:

"సోమవారం ఉదయం సుమారు 11 గంటలకు మా ఆఫీసు మీటింగ్ హాల్లో నెలవారీ రివ్యూ జరుగుతుండగా, ఫలానా అధికారి నన్ను చూపిస్తూ, 'కొండోడివి, కోటాలో వచ్చినోడివి, నీకు కుర్చీ ఇవ్వడమే తప్పు' అన్నారు. అప్పుడు హాల్లో సూపరింటెండెంట్ ఫలానా, ఇద్దరు సీనియర్ అసిస్టెంట్లు, పని మీద వచ్చిన ఇద్దరు గ్రామస్తులు ఉన్నారు."

చదవడానికి కష్టంగా ఉన్నా ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టే ఉండాలి, పెద్దమనిషి తరహాలో చుక్కలు పెట్టొద్దు. వాట్సాప్ గ్రూపులో అన్నదైతే స్క్రీన్‌షాట్ తీయండి, అసలు మెసేజ్‌ని డిలీట్ చేయకండి, గ్రూపులోంచి కోపంతో బయటికి రాకండి. రికార్డింగ్ ఉంటే కట్ చేయకుండా, రికార్డ్ చేసిన ఫోన్‌లోనే అలాగే ఉంచండి. కోర్టులో దాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, ఫోన్ మార్చేసి ఉంటే అక్కడ ఇబ్బంది వస్తుంది.

ఆఫీసులో ఫిర్యాదు

మీ మీద అధికారిగా ఉన్నవాడే వేధిస్తుంటే అతని పై అధికారికి, అవసరమైతే హెచ్‌ఓడీకి (శాఖాధిపతికి) రాయండి. పద్ధతి ప్రకారం త్రూ ప్రాపర్ ఛానల్, అంటే మీ పై అధికారి ద్వారానే పంపుతూ, అడ్వాన్స్ కాపీ నేరుగా పైకి పంపుకోవచ్చు. టపాల్ సెక్షన్‌లో ఇచ్చినప్పుడు మీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఆ రసీదే మీ అండ. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో ఎస్సీ, ఎస్టీ ఉద్యోగుల కోసం లైజన్ ఆఫీసర్ ఉంటారు, రిజర్వేషన్, రోస్టర్ (ఏ పోస్టు ఏ వర్గానికో చూపే వరుస పట్టిక) గొడవలు ముందు అక్కడ పెట్టడం మంచిది. మహిళా ఉద్యోగి విషయంలో లైంగిక వేధింపు కూడా కలిసి ఉంటే 2013 చట్టం కింద ఇంటర్నల్ కమిటీకి మూడు నెలల్లోపు విడిగా ఫిర్యాదు చేయాలి. దానికీ, కింద చెప్పబోయే ఎస్సీ, ఎస్టీ చట్టం కింద పెట్టే అట్రాసిటీ కేసుకీ పోటీ లేదు, రెండూ నడపొచ్చు.

పోలీస్ స్టేషన్‌కి ఎప్పుడు వెళ్లాలి

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఉద్యోగులకు ఎక్కువగా పనికొచ్చేవి మూడు నిబంధనలు. సెక్షన్ 3(1)(ఆర్) పదిమందికీ కనిపించే, వినిపించే చోట కించపరచాలన్న ఉద్దేశంతో అవమానించడం, బెదిరించడం. 3(1)(ఎస్) అలాంటి చోటే కులం పేరు పెట్టి తిట్టడం. 3(1)(క్యూ) అబద్ధపు సమాచారం ఇచ్చి ఒక అధికారి చేత మీకు హాని జరిగేలా చేయడం, దొంగ అర్జీల విషయంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా. ఒక షరతు ఉంది, అవతలివాళ్లు ఎస్సీ గానీ ఎస్టీ గానీ అయితే ఈ చట్టం వర్తించదు, అప్పుడు డిపార్ట్‌మెంట్ దారి, మామూలు క్రిమినల్ చట్టం మిగులుతాయి.

చాలా కేసులు కూలిపోయేది "పదిమందికీ కనిపించే చోట" అన్న దగ్గరే. 2025 జనవరి 31న సుప్రీంకోర్టు తమిళనాడుకు చెందిన కరుప్పుదయార్ కేసులో తీర్పు ఇచ్చింది. అందులో ఫిర్యాదు చేసింది ఒక రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, అంటే ప్రభుత్వ ఉద్యోగే. పట్టా పని మీద వచ్చిన మనిషి తన ఆఫీసు గదిలోనే కులం పేరుతో తిట్టాడన్నది ఆయన ఫిర్యాదు. తోటి ఉద్యోగులు ఆ తర్వాత లోపలికి వచ్చారు తప్ప తిట్టినప్పుడు అక్కడ లేరు కాబట్టి, నాలుగు గోడల మధ్య జరిగింది ఈ సెక్షన్ల కిందికి రాదని కోర్టు కేసు కొట్టేసింది. తీర్పు నచ్చినా నచ్చకపోయినా ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇది. అందుకే ఫిర్యాదులో తిట్టిన క్షణాన ఎవరు అక్కడున్నారో, తలుపు తెరిచి ఉందో లేదో, బయటివాళ్లకి వినపడిందో లేదో స్పష్టంగా రాయాలి. లేనివాళ్లని ఉన్నట్టు మాత్రం రాయకండి, ఒక్క అబద్ధపు సాక్షి దొరికితే నిజమైన అవమానం కూడా అబద్ధమైపోతుంది.

ఇంకో సంగతి, కోపంలో అన్న ప్రతి మాటా ఈ చట్టం కిందికి రాదు. మీరు ఎస్టీ కాబట్టే కించపరిచారన్నది కనపడాలి. మీ తెగ సంగతి వాళ్లకి తెలుసని మీరు ప్రత్యేకంగా నిరూపించాలా అంటే, నిందితుడికి మీరు గానీ మీ కుటుంబం గానీ వ్యక్తిగతంగా తెలిసినవాళ్లయితే, తెలియదని అతను రుజువు చేసుకునేదాకా తెలుసనే కోర్టు భావించాలని సెక్షన్ 8 చెబుతోంది. ఏళ్ల తరబడి ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చున్నవాళ్లు "ఈయన ఎస్టీ అని నాకు తెలియదండీ" అనడం అంత తేలిక కాదు.

స్టేషన్‌లో "ముందు ఎన్‌క్వైరీ చేస్తాం, తర్వాత చూద్దాం" అంటే, 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్‌కి ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని చెప్పండి. ఆ సెక్షన్ రావడానికి కారణమైన కేసు కూడా ఆఫీసులో పుట్టిందే. మహారాష్ట్రలో ఒక ప్రభుత్వ ఫార్మసీ కాలేజీలో ఎస్సీ ఉద్యోగి ఏసీఆర్‌లో పై అధికారులు రాసిన రాతల నుంచి మొదలై, 2018 మార్చి 20 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో చట్టం పలచబడింది, దేశమంతా ఆందోళనలు జరిగాక పార్లమెంటు సవరణ చేసింది, 2020లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ అధికారి) తీసుకోకపోతే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపండి, దానికి చట్టం రూల్స్‌లోనే వీలుంది. కావాలని నిర్లక్ష్యం చేసే అధికారికి సెక్షన్ 4 కింద ఆరు నెలల నుంచి ఏడాది శిక్ష ఉంది, ఈ ఒక్క ముక్క మర్యాదగా ఫిర్యాదు చివర రాస్తే చాలాసార్లు పని కదులుతుంది. 14566 నంబరు జాతీయ హెల్ప్‌లైన్, ఫోన్ చేసి నమోదు చేయించుకోండి. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి, 60 రోజుల్లో ముగించాలి. 2016లో సవరించిన రూల్స్ ప్రకారం ఆర్, ఎస్ సెక్షన్ల కేసుల్లో లక్ష రూపాయల సాయం ఉంది. నాలుగో వంతు ఎఫ్ఐఆర్ దశలో, సగం ఛార్జిషీటు కోర్టుకెళ్లాక, మిగతాది శిక్ష పడ్డాక. రాకపోతే కలెక్టరు అధ్యక్షతన మూడు నెలలకోసారి కూర్చోవాల్సిన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీకి రాయండి.

మెమో, సస్పెన్షన్, ఏసీఆర్

ఫిర్యాదు పెట్టిన కొద్ది రోజులకే ఛార్జి మెమో (మీ మీద ఆరోపణల నోటీసు) రావడం మామూలే, టెన్షన్ పడకండి. జవాబులో కులవివక్ష కథ ఒక్కటే రాసి ఊరుకోవద్దు. ప్రతి ఆరోపణకీ విడివిడిగా, కాగితం చూపించి జవాబు రాసి, చివర్లో ఈ మెమో ఫలానా తేదీన నేనిచ్చిన ఫిర్యాదు తర్వాతే వచ్చిందని తేదీల వరుస పెట్టండి. వేధించినవాడే ఎన్‌క్వైరీ ఆఫీసర్ అయినా, అతని కింద పనిచేసేవాళ్లని వేసినా, విచారణ మొదలవ్వక ముందే మార్చమని రాతపూర్వకంగా అడగండి, అయిపోయాక అడిగితే ఎవరూ వినరు.

సస్పెండ్ చేసి మూడు నెలలైనా ఛార్జి మెమో ఇవ్వకపోతే అజయ్ కుమార్ చౌదరి కేసులో 2015 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించి సస్పెన్షన్ రద్దు చేయమని కోరవచ్చు. ఏసీఆర్ విషయంలో 2008 నాటి దేవ్ దత్ తీర్పు ప్రతి ఉద్యోగీ తెలుసుకోవాలి. అందులో ఉద్యోగికి వచ్చింది "గుడ్", ప్రమోషన్‌కి కావాల్సింది "వెరీ గుడ్", ఆ సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెడ్డ రాతే కాదు, ప్రతి గ్రేడింగూ ఉద్యోగికి తెలియజేయాలని కోర్టు అంది. మీ ఏసీఆర్ కాపీలు, సీనియారిటీ లిస్టు, రోస్టర్ రిజిస్టర్ సమాచార హక్కు కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి. ఎస్టీ రోస్టర్ పాయింటును దాటేసి వేరేవాళ్లకి ప్రమోషన్ ఇచ్చారా అన్నది రిజిస్టర్ చూస్తే తప్ప తేలదు.

దొంగ సర్టిఫికెట్ ఆరోపణ వస్తే, దాన్ని తేల్చే అధికారం మీ ఆఫీసుకి లేదు. 1993 నాటి కమ్యూనిటీ సర్టిఫికెట్ల చట్టం కింద అది కలెక్టరు దగ్గర తేలాలి. అయితే నిరూపించుకునే భారం ఆ చట్టంలో మీ మీదే ఉంటుంది. అందుకే స్కూలు అడ్మిషన్ రికార్డు, తల్లిదండ్రుల, తాతల నాటి కాగితాలు ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టుకోండి.

కమిషన్, కోర్టు

రాజ్యాంగం 338ఏ కింద ఏర్పడిన జాతీయ ఎస్టీ కమిషన్‌కి అధికారులను పిలిపించే, ఫైళ్లు తెప్పించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి. కానీ బదిలీ, పోస్టింగ్, ఏసీఆర్ గ్రేడింగ్ లాంటివి కులం పేరుతో వేధింపు ఉంటే తప్ప తీసుకోరు, కోర్టులో ఉన్న విషయాన్నీ ముట్టుకోరు. వేరేవాళ్లకి రాసిన ఉత్తరం కాపీ కమిషన్‌కి పంపడం దండగ. నేరుగా చైర్‌పర్సన్ పేరున, మీ పూర్తి చిరునామా, సంతకం, ఆధారాలతో పంపాలి. స్టే ఇచ్చే అధికారం కమిషన్‌కి లేదని 1996లోనే సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి, రేపే బదిలీ అమలవుతుందనుకుంటే కమిషన్ మీద ఆశ పెట్టుకోకుండా కోర్టుకి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీలకు విడిగా రాష్ట్ర కమిషన్ ఉంది, తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు కలిపి ఒకటే.

రెండు రాష్ట్రాల్లోనూ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ ఇప్పుడు లేదు, రాష్ట్ర ఉద్యోగులు నేరుగా హైకోర్టులో రిట్ వేయాలి. కేంద్ర ఉద్యోగులకు హైదరాబాద్‌లో క్యాట్ (కేంద్ర అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్) ఉంది. క్యాట్‌కి ఆర్డరు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి, అంతకంటే ముందు డిపార్ట్‌మెంట్ అప్పీల్ చేసి ఉండాలి, ఆరు నెలలైనా జవాబు రాకపోతే అప్పటి నుంచి ఏడాది. కక్షతో చేశారని ఆరోపిస్తే ఆ అధికారిని హోదాతోనే కాక సొంత పేరుతో కూడా ప్రతివాదిగా చేర్చమని లాయరుకు చెప్పండి, లేకపోతే ఆ ఆరోపణను కోర్టు పట్టించుకోదు. లాయరు ఫీజు భయం వద్దు. ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టమే ఇచ్చింది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి గానీ 15100 నంబరుకి గానీ చెప్పండి.

ఇవన్నీ నడుస్తున్నప్పుడు ఫేస్‌బుక్‌లో అధికారి పేరు పెట్టి రాయకండి, కండక్ట్ రూల్స్ కింద మీ మీదికే కొత్త మెమో వస్తుంది. ఒంటరిగా మోయకండి కూడా. 2019 మే 22న ముంబైలో ఒక మున్సిపల్ ఆసుపత్రిలో పనిచేస్తున్న తడ్వి భిల్ తెగ యువ డాక్టర్ పాయల్ తడ్వి ప్రాణం తీసుకుంది, కులం పేరుతో వేధించారంటూ సీనియర్ డాక్టర్ల మీద కేసు నమోదైంది. నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, మీ తెగ ఉద్యోగుల సంఘంలో ఒక్కరికైనా మొత్తం చెప్పుకోండి.

కేసు పెట్టాక రాజీ మాటలు వస్తాయి, ఒకే ఆఫీసు, ఒకే కాలనీ, పిల్లలది ఒకే స్కూలు. తొందరపడి ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఎస్సీ, ఎస్టీ చట్టంలోని సెక్షన్ 15ఏ ప్రకారం నిందితుడి బెయిల్ విచారణ సంగతి మీకు ముందుగా తెలియజేయాలి, మీ మాట వినాలి. నోటీసు రాగానే స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని కలిసి, ఫిర్యాదు తర్వాత ఆఫీసులో వచ్చిన ఒత్తిళ్లు, మెమోలు, సాక్షులకు వచ్చిన ఫోన్లు అన్నీ తేదీలతో రాసిచ్చి, ఆ రోజు స్వయంగా కోర్టులో ఉండండి.