పీసీ స్లో అయిందా? గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు ఇవి చూడండి

"అన్నా, ఫోటోషాప్ బాగా స్లో అయింది. ఏ గ్రాఫిక్స్ కార్డు వేయించమంటావ్?"

పెళ్ళిళ్ళ సీజన్‌లో నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. టాస్క్ మేనేజర్‌లో ఏం కనిపిస్తోంది తమ్ముడూ అని అడిగితే అవతల చప్పుడుండదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే చాలు, తెరుచుకుంటుంది. పైసా ఖర్చు లేదు. అది చూడకుండానే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్ళి కార్డు కొనుక్కొచ్చి, బిగించుకుని, అయినా అలాగే ఉందని మళ్ళీ నాకే ఫోన్.

తక్కువ బడ్జెట్‌లో విడిభాగాలు ఏరుకుని ఇంట్లో ఎడిటింగ్ పీసీ కట్టించుకున్నవాళ్ళ కోసం, కట్టించుకోబోయేవాళ్ళ కోసం రాస్తున్నాను. క్యాబినెట్ మూత తీయడం, ర్యామ్ పీకి పెట్టడం మీకు వచ్చనే అనుకుంటున్నా.

ముందుగా ఒక్క మాట. టాస్క్ మేనేజర్‌ని పని నడుస్తున్నప్పుడు చూడాలి. డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు చూసి "అన్నీ బాగానే ఉన్నాయన్నా" అంటే లాభం లేదు. ఏ పనిలో స్లో అవుతోందో ఆ పనే పెట్టి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ (ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్, జీపీయూ (గ్రాఫిక్స్) నాలుగింట్లో ఏది పైకి తగిలి నిలబడిందో చూడండి. నిలబడిందే దొంగ.

ఆల్బమ్ షీట్ తెరిస్తే చాలు, అన్నీ స్తంభిస్తున్నాయి

మెమరీ 90 శాతం దాటిందంటే ర్యామ్ చాలట్లేదు. లెక్క చూడండి. 12×36 షీట్ 300 డీపీఐలో అంటే 10,800 బై 3,600 పిక్సెళ్ళు, దగ్గర దగ్గర 3.9 కోట్లు. 8 బిట్‌లో షీటంతా నిండిన ఒక్క లేయరే 110 ఎంబీ పైన. 16 బిట్ అయితే దానికి రెట్టింపు. పీఎస్‌డీ టెంప్లేట్‌లో పాతిక లేయర్లు, పైన హిస్టరీ, పక్కన ఇంకో రెండు షీట్లు, వెనక బ్రౌజర్‌లో పాటలు. 8 జీబీ ఎక్కడ చాలుతుంది? ఒక్కో ఫోటో దిద్దుకునే పనైతే 16, ఆల్బమ్ డిజైన్ ఉంటే 32.

కొనేటప్పుడు ఒకే 16 స్టిక్ కాకుండా రెండు 8లు తీసుకోండి. ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండే రెండు దారులూ (ఛానెళ్ళు) పనిచేస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని పీసీల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది, ఎందుకంటే లోపలున్న గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్‌నే వాడుకుంటుంది. నాలుగు స్లాట్ల బోర్డుల్లో దాదాపు అన్నింట్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. పక్కపక్క స్లాట్లలో గుచ్చేసి ఇచ్చిన పీసీలు నేను ఎన్ని చూశానో. టాస్క్ మేనేజర్ "నాలుగింట్లో రెండు" అని మాత్రమే చూపిస్తుంది, ఏ రెండో చెప్పదు. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఛానెల్ దగ్గర చూడాలి, లేదా మూత తీసి కంటితో చూసుకోవాలి. 3200 స్టిక్ 2400లోనో 2666లోనో నడుస్తుంటే చాలాసార్లు బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయలేదని అర్థం.

మొదట రయ్యిమని పోతుంది, కాసేపటికి చతికిలబడుతుంది

దీని దగ్గర నేను గట్టిగా దెబ్బతిన్నాను. అందుకే వివరంగా చెబుతున్నా.

ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒక పెళ్ళి ఫోటోగ్రాఫర్‌కి పీసీ కట్టిచ్చాను. ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. బడ్జెట్‌లో నాలుగు వేలు మిగుల్చుదామని ఎస్ఎస్‌డీ చవకది తీసుకున్నాను. డబ్బా మీద చదివే వేగం 2000 అని రాసుంది, ఇంకేం కావాలి అనుకున్నా. నెలన్నర బాగా నడిచింది. తర్వాత ఫోన్: "అన్నా, కెమెరా మెమరీ కార్డు కాపీ పెడితే ముందు బాగానే పోతుంది, తర్వాత ఆగి ఆగి పోతుంది. అప్పుడు మౌస్ కూడా పట్టేస్తోంది."

యాంటీవైరస్ అనుకున్నా. తీసేశాం, తేడా లేదు. డేటా బయట పెట్టించి, డిస్క్ ఫార్మాట్ కొట్టి విండోస్ కొత్తగా వేశా. బ్రహ్మాండంగా నడిచింది. సమస్య తీరిపోయిందని చంకలు గుద్దుకున్నా. ఇరవై రోజులకు మళ్ళీ అదే గోల. ఈసారి ర్యామ్ 32 చేశా. ఏమీ మారలేదు. (ఆ ర్యామ్ డబ్బులు తర్వాత వెనక్కిచ్చేశాను. తప్పు నాది.)

మూడోసారి అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, అతని కార్డే పెట్టి కాపీ కొట్టాను. కార్డులో 55 జీబీ దాకా ఫోటోలున్నాయి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఆకుపచ్చ గీత చూస్తూ కూర్చున్నా. మొదటి మూడు నిమిషాలు సెకనుకు 90 ఎంబీ, గీత గీసినట్టు నిలకడగా. ఆ తర్వాత ఒక్కసారిగా 35కి పడిపోయింది. యాక్టివ్ టైమ్ 100 శాతం. యావరేజ్ రెస్పాన్స్ టైమ్ అంతవరకు ఒకట్లలో ఉన్నది వందల మిల్లీసెకన్లకు ఎగబాకింది. స్టార్ట్ మెనూ నొక్కితే తెరుచుకోవడానికి ఆరేడు సెకన్లు. సీ డ్రైవ్‌లో చూస్తే 465లో కాపీకి ముందు మిగిలింది 70 జీబీ.

సంగతేమిటంటే, చవక ఎస్ఎస్‌డీల్లో చాలా క్యూఎల్‌సీ రకం. ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు కుక్కుతాయి. అలా కుక్కి రాయడం చాలా నెమ్మది. అది బయటపడకుండా ఉండటానికి, ఖాళీగా ఉన్న చోటులో కొంతభాగాన్ని సెల్‌కు ఒక్క బిట్ చొప్పున గబగబా నింపి, తర్వాత తీరిక దొరికినప్పుడు సర్దుకుంటాయి. ట్రాక్టర్ మీంచి వడ్ల బస్తాలు ముందు వాకిట్లో దించేసి, తర్వాత నిదానంగా కొట్టులో పేర్చుకోవడం లాంటిదే. వాకిలి నిండిపోతే ట్రాక్టర్ ఆగాలి. ఒక్కో బస్తా మోసుకెళ్ళి లోపల పేర్చాకే ఇంకోటి దించాలి.

అసలు మెలిక ఇక్కడుంది. ఇందులో వాకిలి, కొట్టు వేర్వేరు కావు. డిస్క్ నిండేకొద్దీ వాకిలి కూడా కుంచించుకుపోతుంది. 400 జీబీ ఖాళీ ఉంటే అందులో మహా అయితే 100 జీబీ వాకిలి. 70 జీబీయే ఉంటే పదిహేడు మించదు. సెకనుకు 90 చొప్పున మూడు నిమిషాలంటే 16 జీబీ. సరిగ్గా అక్కడే పడింది. ఫార్మాట్ కొట్టినప్పుడు బాగుపడటానికి కారణం విండోస్ కాదు, డిస్క్ ఖాళీ అవడం. నన్ను ఇరవై రోజులు బురిడీ కొట్టించింది అదే.

క్రిస్టల్‌డిస్క్‌మార్క్ నడిపితే ఇది పట్టుబడదు. మామూలుగా అది 1 జీబీ ఫైలుతోనే కొలుస్తుంది, ఆ మాత్రం వాకిట్లోనే సరిపోతుంది. మార్కులు నూటికి నూరు వస్తాయి. వేరే వేగమైన డిస్క్ నుంచి మీ సొంత ఫోటోల ఫోల్డర్ ఒకటి, 50 జీబీకి తగ్గకుండా, కాపీ పెట్టి గీత చూడండి. కొన్న వెంటనే, వెనక్కిచ్చే గడువు ఉండగానే చూడండి. అదే మోడల్ పేరు మీద లోపలి చిప్పులు మారిపోయి వచ్చిన సందర్భాలున్నాయి.

దీన్ని ఇంకోదానితో కలిపేసుకోవద్దు. మొదటి సెకను నుంచే 30-40 దగ్గర నిలకడగా నడుస్తుంటే తప్పు ఎస్ఎస్‌డీది కాదు. కార్డ్ రీడర్ యూఎస్‌బీ 2.0దై ఉంటుంది, లేదా క్యాబినెట్ ముందున్న పోర్టు కేబుల్‌ని బోర్డు మీద యూఎస్‌బీ 2.0 పిన్నులకు తగిలించి ఉంటారు. రీడర్‌ని వెనక పోర్టులో పెట్టి చూడండి.

ఇక మందు. ఈ రాత్రికి గండం గడవాలంటే పూర్తయిన పెళ్ళిళ్ళన్నీ హార్డ్‌డిస్క్‌లోకి తోసేసి ఎస్ఎస్‌డీలో కనీసం పావు వంతు ఖాళీ ఉంచండి. శాశ్వతంగా కావాలంటే టీఎల్‌సీ రకం (సెల్‌కు మూడే బిట్లు) ఎస్ఎస్‌డీ ఇంకొకటి వేయించి కార్డుల కాపీ, లైట్‌రూమ్ క్యాటలాగ్, కెమెరా రా క్యాష్, ఫోటోషాప్ స్క్రాచ్ డిస్క్ (ర్యామ్ చాలనప్పుడు ఫోటోషాప్ వాడుకునే చోటు) అన్నీ దాని మీదికి మార్చండి. పాతదాన్ని పారేయక్కర్లేదు. విండోస్, ప్రోగ్రాములకు అది హాయిగా సరిపోతుంది, వాటికి చదవడమే ఎక్కువ. స్క్రాచ్ ఎక్కడుందో ప్రిఫరెన్సెస్‌లో చూడండి. కొత్త ఎస్ఎస్‌డీ వేయించి, స్క్రాచ్ మాత్రం పాత డ్రైవ్ మీదే వదిలేసినవాళ్ళు నాకు తెలుసు.

షాపులో ఏది ఏ రకమో కనుక్కోవడం ఎలా? అడిగితే "అన్నీ ఒకటే సార్" అంటారు. డబ్బా మీద కాకపోయినా కంపెనీ సైట్‌లో టీబీడబ్ల్యూ అని ఒక అంకె ఉంటుంది, మొత్తం ఎన్ని టెరాబైట్లు రాసేదాకా వారంటీ అని. 500 జీబీకి 300 దగ్గర ఉంటే సాధారణంగా టీఎల్‌సీ. 100, 110 అని ఉంటే క్యూఎల్‌సీ అని అనుమానించండి. ఆ అంకే రాయకపోతే వదిలేయండి. ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగైనా సరే, ఇక్కడ దిగొద్దు.

స్క్రీన్ మీద ఒకలా, ల్యాబ్ ప్రింట్‌లో ఇంకోలా

ల్యాబ్‌వాళ్ళని తిట్టే ముందు విండోస్‌లో నైట్ లైట్ ఆన్‌లో ఉందేమో చూడండి. నవ్వకండి, ముహూర్తం చీర పసుపు రంగు కుదరట్లేదని ఒకాయన రెండు రోజులు తంటాలు పడ్డాడు, కారణం ఇదే.

ప్రింట్ చీకటిగా వస్తోందంటే మానిటర్ వెలుతురు ఎక్కువైందని. షాపు నుంచి వచ్చినప్పుడు ఫుల్ బ్రైట్‌నెస్‌లో ఉంటాయి. ఎడిటింగ్‌కి 100-120 నిట్స్ చాలు. హెచ్‌డీఎంఐలో నలుపు బూడిదలా కనిపిస్తే గ్రాఫిక్స్ సెట్టింగ్‌లో డైనమిక్ రేంజ్‌ని ఫుల్ చేయండి. కొనేటప్పుడు ఐపీఎస్ ప్యానెల్, ఎస్‌ఆర్‌జీబీ (మామూలు ఫోటోల రంగుల పరిధి) 99 శాతం చూసుకోండి. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" (ఇంకో రంగుల కొలత) అని రాసుంటే ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో మూడింట రెండొంతులు కూడా చూపించదు. దాని మీద ఎంత దిద్దినా గుడ్డివాటమే.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర మీద ఏమీ లేదు

ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉందా? 12100ఎఫ్, 12400ఎఫ్ లాంటివాటిలో గ్రాఫిక్స్ ఉండదు. రైజెన్ 5 5500, 5600లోనూ ఉండదు, 5600జీలో ఉంటుంది. కార్డు లేకుండా ఇవి కొంటే బొమ్మ రాదు. కార్డు ఉండీ రావట్లేదంటే కేబుల్ బోర్డుకి పెట్టుంటారు, కార్డుకి పెట్టండి. అప్పటికీ రాకపోతే ర్యామ్ తీసి, రబ్బరుతో కాంటాక్టులు తుడిచి గట్టిగా నొక్కండి.

ఎక్స్‌పోర్ట్ మధ్యలో స్పీడ్ తగ్గడం, రీస్టార్ట్ అవడం

మే నెలలో వచ్చే ఫిర్యాదు. సీపీయూ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దుమ్ము ఊదండి, పేస్ట్ మార్చండి. విడిగా కొన్న కూలర్ అయితే అడుగున ప్లాస్టిక్ తీశారో లేదో చూడండి, అలాగే బిగించినవి నా చేతుల్తో విప్పాను. రీస్టార్టే అవుతుంటే ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) మార్చండి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చేవాటిని నమ్మకండి.

బోర్డు బ్యాటరీ, సాటా కేబుల్, బయోస్ అప్‌డేట్, ప్రాసెసరే పాడవడం... జరుగుతాయి, అరుదుగా. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్ళండి.

మరి గ్రాఫిక్స్ కార్డు?

అవసరం పడే చోటు ఉంది. 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌లోకి ఏఐ డీనాయిస్ (చీకటి ఫోటోల్లో చుక్కలు తీసేది) వచ్చింది, అది పూర్తిగా జీపీయూ మీదే బతుకుతుంది. రిసెప్షన్ చీకట్లో తీసిన మూడు, నాలుగొందల రా ఫైళ్ళకు నాయిస్ తీయాలంటే కార్డు ఉన్న పీసీకీ లేని పీసీకీ సెకన్లకూ నిమిషాలకూ ఉన్నంత తేడా ఉంటుంది. ఆ పని పెట్టినప్పుడు టాస్క్ మేనేజర్‌లో జీపీయూ గీత పైకి తగిలి కదలకుండా నిలబడితే నిక్షేపంగా కార్డు కొనండి. నెలకు నాలుగైదు ఫోటోలకే అయితే, పెట్టేసి టీ తాగిరండి.