పైన్‌వుడ్ డెర్బీ కారులో బరువు ఎక్కడ పెట్టాలి?

అమెరికాలో పిల్లాణ్ణి కబ్ స్కౌట్స్‌లో (చిన్నపిల్లల స్కౌటింగ్ బృందంలో) చేర్పిస్తే ఏదో ఒకరోజు ఇంటికి ఏడంగుళాల చెక్కముక్క, నాలుగు ప్లాస్టిక్ చక్రాలు, నాలుగు మేకులు వస్తాయి. వాటితో చిన్న కారు చేసి ట్రాక్ మీద పరుగు పెట్టించాలి. అదే పైన్‌వుడ్ డెర్బీ, 1953లో కాలిఫోర్నియాలోని మాన్‌హటన్ బీచ్‌లో డాన్ మర్ఫీ మొదలుపెట్టిన పోటీ. కారుకి మోటారుండదు, వాలులో జారడమే. అంటే బరువే ఇంజను. అది వదిలేసి నాన్నలంతా రంగుల మీద పడతారు!

చెక్క ఎలా కోస్తారో మీ ఇష్టం. బరువు కోసం దూర్చే లోహపు ముక్కలకి (వెయిట్లకి) రంధ్రాలు మాత్రం రంగుకి ముందే వేసేయండి. పరిమితి 5 ఔన్సులు, అంటే 141.7 గ్రాములు. చెక్క, చక్రాలు, మేకులు, వెయిట్లు అన్నీ కలిపి తూచండి. గ్రాములో పదో వంతు చూపించే కాటా కావాలి.

లోహం టంగ్‌స్టనే. సీసం చవకే, కానీ విషం. పిల్లలు ముట్టుకునే వస్తువులో దానికి చోటు లేదు. జింకు తేలిక, చోటంతా అదే తినేస్తుంది. టంగ్‌స్టన్ సీసం కంటే 1.7 రెట్లు బరువు కాబట్టి చిన్న రంధ్రంలో ఇమిడిపోతుంది. కారు మీద నాణేలు అంటించేవాళ్లతో నాకు మాటల్లేవు.

ఇక అసలు పని. అప్పుడే జిగురు జోలికి వెళ్లకండి. చక్రాలు బిగించి, వెయిట్లు టేపుతో అతికించి, కారుని పెన్సిల్ మీద అడ్డంగా ఆనించండి. ఎక్కడ తూగితే అదే బరువు కేంద్రం. అది వెనక ఇరుసుకి ముప్పావు నుంచి ఒక అంగుళం ముందుండాలి. ట్రాక్ మొదట్లో కారు ఏటవాలుగా నిలబడుతుంది. బరువు వెనకుంటే ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు, అంత ఎత్తు నుంచీ దిగుతూ వేగం తెస్తుంది.

అలాగని ఇంకా వెనక్కి జరపకండి. ఎడ్లబండికి వెనక బస్తాలు ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది కదా, ఇక్కడా అంతే. వాలు దాటి చదునుకొచ్చే మలుపులో ముందు చక్రాలు తేలిపోతాయి, కారు పట్టా దిగుతుంది. ఒక ఏడాది అత్యాశకి పోయి అర అంగుళానికి తెచ్చాను. ప్రాక్టీసులో గెలిచిన కారు, అసలు రోజు మలుపులోనే ఎగిరిపడింది. మా వాడు దారంతా మాట్లాడలేదు. మీ ట్రాక్ అతుకులు ఎగుడుదిగుడుగా ఉంటే ఒక అంగుళమే ఖాయం చేసుకోండి. పెన్సిల్ పరీక్ష మూడుసార్లు చేయండి, కారుని తిప్పి కూడా. మూడూ ఒకే చోట తూగితేనే జిగురు.

వెయిటు ఏదీ అడుగున పొడుచుకు రాకూడదు. కింద 3/8 అంగుళం ఖాళీ నిబంధనే. 3 గ్రాములు తక్కువలో ఆపేసి, మిగిలింది టంగ్‌స్టన్ పుట్టీతో (టంగ్‌స్టన్ కలిపిన మెత్తటి ముద్దతో) నింపండి. పోటీ నిర్వాహకుల కాటాలో ఎక్కువ చూపిస్తే గోటితో గిల్లి తీసేయొచ్చు, డ్రిల్లు పట్టుకుని పార్కింగ్ లాట్‌లో కూర్చునే పనుండదు.