మల్టీ-స్కిల్ ఆపరేటర్ మీద వేసిన లెక్క తప్పుతోందా?

సమస్య: కుట్టు లైన్‌లో ఒకరు సెలవు పెట్టారు. స్కిల్ మ్యాట్రిక్స్‌లో (ఎవరికి ఏ పని వచ్చో రాసే పట్టికలో) నాలుగు ఆపరేషన్లు వచ్చని ఉన్న ఆమెను కాలర్ నుంచి కఫ్‌కి మార్చారు. లెర్నింగ్ కర్వ్ మోడల్ (కుట్టే కొద్దీ పీసుకు పట్టే సమయం ఎంత తగ్గుతుందో చెప్పే లెక్క) చెప్పినన్ని పీసులు రాలేదు. చాలామంది వెంటనే ఆ కర్వ్ శాతం మార్చేస్తారు. దాన్ని ముట్టుకోకండి.

ముందు చూడాల్సింది: ఆమె ముందు బండిల్ (కుట్టాల్సిన ముక్కల కట్ట) ఉందా? గంటకు ఇన్ని పీసులు అనే లెక్కలో, వెనక నుంచి పని అందక ఖాళీగా కూర్చున్న నిమిషాలు కూడా కలిసిపోతాయి. అలాంటి అంకెలతో గీసిన కర్వ్ ఆమె చేతివేగం చెప్పదు, వెనక ఆపరేషన్ వేగం చెబుతుంది. స్టాప్‌వాచ్‌తో పది పీసులు చూడండి. ఎన్నిసార్లు చెప్పినా ఈ పని వదిలేస్తున్నారు, బాధగా ఉంది.

అసలు కారణం: మరపు. 1936లో అమెరికా ఇంజనీర్ టి.పి. రైట్ విమానాల తయారీ ఖర్చు మీద రాసినప్పటి నుంచీ ఉన్న సూత్రమే మనదీ (ఆయన అప్పటిదాకా చేసినవాటి సగటుకు చెప్పారు, మనం ఒక్కో పీసుకు వాడుతున్నాం). 80 శాతం కర్వ్ అంటే పీసుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ సమయం 80 శాతానికి దిగుతుంది: మొదటి పీసుకు 10 నిమిషాలైతే రెండోదానికి 8, నాలుగోదానికి 6.4, వెయ్యోదానికి 1.08. ఇందులో పీసుల సంఖ్య ఉంది, తేదీ లేదు. ఆ వెయ్యి పీసులు నిన్న కుట్టినా, మూడు నెలల కిందట కుట్టినా మోడల్‌కి ఒకటే.

దీనివల్ల నేను గట్టిగా దెబ్బతిన్నాను. మూడు నెలలుగా ఓవర్‌లాక్ (బట్ట అంచులు కుట్టే మెషిన్) ముట్టని ఇద్దరిని పూర్తి వేగంతో లెక్కేసి టార్గెట్ ఇచ్చాను. షిప్‌మెంట్ ముందు రాత్రి లైన్ మొత్తం ఓవర్‌టైమ్ చేయాల్సొచ్చింది. వాళ్లు సూపర్‌వైజర్ చేత మాటలు పడ్డారు. తప్పు నా షీటుది.

పరిష్కారం: ఆమె పాత ఆపరేషన్‌కి తిరిగొచ్చిన రోజు మొదటి ఐదు పీసుల సగటు తీయండి. 2.27 నిమిషాలు వచ్చిందనుకోండి. అదే కర్వ్ మీద అది వందో పీసు సమయం. అంటే వెయ్యిలో ఆమె చేతికి గుర్తున్నది వంద. లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఇంకో వంద కుట్టేసరికి 1.82కి దిగాలి. మ్యాట్రిక్స్‌లో ‘చివరిసారి చేసిన తేదీ’ కాలమ్ కలపండి. ఆ తేదీ పాతబడుతున్నవాళ్లకు పని ఒత్తిడి లేని రోజున ఓ గంట ఆ మెషిన్ ఇవ్వండి.

సూది, దారం, బట్ట మారడం లాంటివి కూడా కారణం కావచ్చు. మెకానిక్‌ని ఒకసారి చూడమంటే తేలిపోతుంది.